బయటివారెవరు, స్థానికులెవరు?

భిలాయిలో తెలుగు కార్మిక కుటుంబాలు తరాలుగా స్థిరపడి ఉన్నవి. అయినను ఉద్యోగాలు కరవైనప్పుడల్లా "బయటివారు", "స్థానికులు" అను మాటలు తలెత్తుచుండుట చూస్తున్నాము. ఈ మాటల వలన ఎవరికి లాభమో కార్మికవర్గం యోచించవలసి ఉన్నది.

1955 నాటి సోవియట్ ఒప్పందంతో రూపొందిన ఈ ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో ప్రారంభమైనది. దానికై భూములు కోల్పోయినవారు చుట్టుపట్ల గ్రామాల ఛత్తీస్‌గఢీ ప్రజలు. వారి కడుపుమంట న్యాయమైనదే. కాని ఆ నేరం పొట్టచేతపట్టుకొని వచ్చిన తెలుగు కార్మికునిది కాదు. ఇచ్చట సుదీర్ఘకాలం పరిశోధించిన మానవశాస్త్రవేత్త జొనాథన్ ప్యారీ 2020లో వెలువడిన తన గ్రంథంలో అసలు అగాధం ఎక్కడున్నదో చూపినారు. అది "నౌకరీ"కి, "కామ్"కు నడుమ ఉన్నది. అనగా భద్రత గల ఉద్యోగానికి, భద్రత లేని కూలిపనికి నడుమ.

పాలకులు పేరు మార్చినంత మాత్రాన ప్రజల స్థితి మారదు. బొలీవియాలో 1952 విప్లవానంతరం ప్రభుత్వం "ఇండియన్" అను మాటను విడిచి ఆదివాసులను "రైతులు" అని పిలిచినది. అయ్మారా, కెచువా ప్రజల భాషలకు స్పానిష్‌తో పాటు రాజ్యాంగంలో అధికార హోదా లభించుటకు 2009 వరకు పోరాడవలసి వచ్చినది.

దల్లీ రాజహరా ఇనుప గనుల కాంట్రాక్టు కార్మికులు తమ గుర్తింపును తామే నిర్మించుకొన్నారు. 1977లో సొంత సంఘం స్థాపించుకొన్నారు. అదే సంవత్సరం జూన్‌లో పోలీసు కాల్పులకు 11 మంది బలియైనారు. 1857లో రాయపూర్‌లో ఉరితీయబడిన ఆదివాసీ వీరుడు నారాయణ్ సింగ్‌ను వారు తమ పూర్వీకునిగా స్మరించినారు. కరవునాడు వ్యాపారి ధాన్యాన్ని ఆకలిగొన్నవారికి పంచిన వీరుడాయన. ఈ కార్మికుల నాయకుడు శంకర్ గుహా నియోగి పుట్టుకచే బెంగాలీ. ఒకనాడు భిలాయి కోక్ ఓవెన్లలో పనిచేసినవాడు. ఆయనను "బయటివాడు" అని ఆ గనుల కార్మికులు తోసివేయలేదు. 1991 సెప్టెంబరు 28న భిలాయిలో ఆయన హత్య చేయబడినాడు. 1992 జూలై 1న అదే భిలాయిలో ఆందోళన చేస్తున్న కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపినారు.

స్థానికతను నిర్ణయించేది జన్మస్థలం కాదు, పోరాటంలో నిలిచిన పక్షం అని ఈ చరిత్ర బోధిస్తున్నది. కాంట్రాక్టు కార్మికునికి సమాన పనికి సమాన వేతనం కావలెనన్న కోర్కె ఛత్తీస్‌గఢీ కార్మికునిది మాత్రమే కాదు, తెలుగు పర్మనెంటు కార్మికునిది కూడా. నేడు పక్కవాని కూలి తగ్గించిన చేయి రేపు మన జీతాన్ని విడిచిపెట్టదు. కావున భాషను గౌరవిద్దాము; దానిని గోడగా మార్చనీయకుందాము.