లెక్క అడగని సెల్యూట్

సైన్యంలో లక్ష కొలువులు ఖాళీగా ఉన్నాయి. ఇదేదో ప్రతిపక్షం చేసిన ఆరోపణ అనుకోకండి. 2025 మార్చిలో పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం నివేదికలో అచ్చయిన లెక్క. 2024 అక్టోబరు 1 నాటికి జవాన్లు, జేసీఓలు కలిపి 92 వేల మంది, అదే ఏడాది జులై 1 నాటికి ఆఫీసర్లు 8 వేల మందికి పైగా తక్కువగా ఉన్నారు. ఇటు మన నల్లగొండ జిల్లా దేవరకొండ, చందంపేట, డిండి తండాలకు వస్తే, ఇంటర్ పాసై తెల్లారకముందే రోడ్డెక్కి ఉరికే పిల్లలకు కొదవ లేదు. అక్కడ మనిషి కావాలి, ఇక్కడ మనిషి ఉన్నాడు. మధ్యలో అడ్డం పడ్డవి పైసలు.

ఆ ఉరుకుడు ఏమిటో ఒకసారి దగ్గర నుంచి చూడాలి. రోడ్డు మీద లారీల రద్దీ మొదలయ్యేలోపే అది ముగియాలి. ఒకడు సెల్‌ఫోన్‌లో టైమ్ పెట్టుకొని ఆఖరి గుర్తు దగ్గర నిలబడతాడు. పదహారు వందల మీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలో కొడితేనే నిండు మార్కులు. ఆపైన పది పుల్-అప్స్, తొమ్మిది అడుగుల గుంత మీంచి దూకుడు. అన్న బూట్లు తమ్ముడి కాళ్లకు వస్తాయి, అన్నకు వయసు దాటిపోయింది కాబట్టి.

ఆ వయసు ఊరికే దాటలేదు. 2019-20లో 80 వేల మందిని చేర్చుకున్న సైన్యం, కొవిడ్ వచ్చాక రెండేళ్లపాటు భర్తీయే జరపలేదు. ర్యాలీలో ఉరికి, మెడికల్ కూడా నెగ్గి, రాతపరీక్ష కోసం నెలల తరబడి ఎదురుచూసినవాళ్లకు 2022 జూన్ 14న అగ్నిపథ్ కబురు వచ్చింది. పాత ఎంపికలన్నీ రద్దన్నారు. మూడు రోజులు తిరక్కుండానే సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు బోగీలు తగలబడ్డాయి, కాల్పుల్లో ఓ యువకుడు ప్రాణం పోగొట్టుకున్నాడు. రైలు తగలబెట్టడాన్ని ఎవరూ సమర్థించరు. కానీ రెండేళ్లు కూర్చోబెట్టి, ఆఖరికి లైనులోంచి వెళ్లగొట్టినవాళ్లను ఎవరూ తప్పుపట్టలేదేం?

అగ్నిపథ్ అంటే నాలుగేళ్ల కొలువు. నూటికి పాతిక మందిని ఉంచుకొని, మిగతావాళ్ల చేతిలో దాదాపు 11 లక్షల 70 వేల రూపాయలు పెట్టి ఇంటికి పంపుతారు. పింఛను లేదు. సైన్యం సగటు వయసు తగ్గించడానికే ఈ పథకం అంటుంది ప్రభుత్వం. వయసు తగ్గితే మంచిదే, కాదనేవాళ్లెవరు? కానీ బడ్జెట్ పుస్తకం తెరిస్తే ఇంకో సంగతి కనబడుతుంది. 2025-26లో రక్షణకు 6 లక్షల 81 వేల కోట్లు కేటాయించారు. అందులో పింఛన్లకే లక్షా 60 వేల కోట్లు పోతాయి. కొత్త ఆయుధాలు, విమానాలు, ఓడల కొనుగోలుతో పాటు ఇతర పెట్టుబడులూ కలిసిన పద్దుకు లక్షా 80 వేల కోట్లు. రెండూ ఇంచుమించు సమానం. మొత్తం కలిపినా దేశ స్థూల ఉత్పత్తిలో రెండు శాతం దాటడం లేదు. మూడు శాతం ఉండాలని స్థాయీ సంఘం ఏళ్లుగా మొత్తుకుంటోంది. చాలని సొమ్ముతో నెట్టుకొస్తూ, ఆ లోటు పూడ్చడానికి జవాను పింఛను మీద చెయ్యి వేశారన్నది నా అభిప్రాయం. పైగా ట్యాంకు మీదా రాడార్ మీదా కుర్రవాడికి చేయి తిరిగేసరికి వాడి నాలుగేళ్లూ చెల్లిపోతాయి.

ఇది మనుషుల లెక్క. వస్తువుల లెక్క ఇంకా ఘోరం. 2020 ఫిబ్రవరిలో, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక ఒకటి పార్లమెంటుకు వచ్చింది. సియాచిన్, లద్దాఖ్ వంటి చోట్ల జవాన్లకు ఇచ్చే బట్టలు, తిండి గురించి అందులో రాశారు. మంచు మీద పడ్డ ఎండ కళ్లను కాల్చేస్తుంది కాబట్టి అక్కడ కళ్లద్దాలు లేకుండా డ్యూటీ చేయలేరు. ఆ కళ్లద్దాల కొరత 62 నుంచి 98 శాతం దాకా ఉందని కాగ్ తేల్చింది. 2015 నవంబరు నుంచి 2016 సెప్టెంబరు దాకా కొత్త బూట్లు లేక, వాడిన బూట్లనే బాగుచేసి మళ్లీ ఇచ్చారని రాసింది. పాతరకం మాస్కులు, జాకెట్లు కొన్నారని కూడా రాసింది. బ్రహ్మోస్ క్షిపణి గురించి గంటల తరబడి చర్చించే టీవీలు ఈ కళ్లద్దాల మీద ఒక్క పూట చర్చ పెట్టగా నేను చూడలేదు.

ఆ నివేదిక వచ్చిన నాలుగు నెలలకే, జూన్ 15 రాత్రి గల్వాన్‌లో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణలో మన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు, ఆయనతో పాటు మరో 19 మంది నేలకొరిగారు. ఆ ఘర్షణకు ఈ కొరతే కారణమని నేను అనడం లేదు. కానీ ఆ తర్వాత వేల మంది జవాన్లను లద్దాఖ్‌లో చలికాలం నిలపాల్సి వచ్చినప్పుడు, చలి దుస్తులు అమెరికా నుంచి ఆదరాబాదరా తెప్పించుకోవాల్సి వచ్చింది. సంతోష్ బాబుకు మహావీర చక్ర ఇచ్చారు, సూర్యాపేటలో విగ్రహం నిలబెట్టారు. అవి ఆయనకు దక్కాల్సిన గౌరవమే. విగ్రహానికి దండ వేసే చేతులే ఆ కాగ్ నివేదికను కూడా తిరగేసి ఉంటే బాగుండేది.

వాయుసేన సంగతి చూడండి. 1963లో చేరిన మిగ్-21ను 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సాగనంపారు. ఉండాల్సిన స్క్వాడ్రన్లు 42, మిగిలినవి 29. పోయినవాటి చోటు నింపాల్సిన తేజస్ మార్క్-1ఏ విమానాలు 83 కావాలని 2021లోనే సుమారు 48 వేల కోట్లతో ఒప్పందం రాసుకున్నారు. మొదటిది 2024 మార్చికల్లా రావాలి. గడువు దాటిపోయింది, మిగ్‌కు వీడ్కోలు చెప్పిన రోజుకు కూడా ఒక్కటీ స్క్వాడ్రన్‌కు చేరలేదు. ఇంజిన్లు అమెరికా నుంచి ఆలస్యంగా వచ్చాయి. విమానం నడుము భాగాన్ని మన హైదరాబాద్‌లోని ప్రైవేటు కంపెనీయే తయారుచేసి ఇస్తోంది. చేసే చేతులు మన దగ్గర లేకపోలేదన్న మాట.

విమానాలు వచ్చినా నడిపేవాళ్లు కావాలి కదా. పైలట్ల శిక్షణ మన దుండిగల్, హకీంపేటల్లో కూడా జరుగుతుంది. 2015లో 486 మంది పైలట్లు తక్కువగా ఉంటే, 2021 చివరికి ఆ కొరత 596కు పెరిగిందని కాగ్ మరో నివేదికలో రాసింది. శిక్షణకు వాడే పిలాటస్ విమానాల్లో పదహారింటి ఇంజిన్ల నుంచి ఆయిల్ కారిందనీ, 2013 నుంచి 2021 దాకా అలాంటి ఘటనలు 38 జరిగాయనీ అదే నివేదిక చెప్పింది. పొద్దున్నే మన నెత్తి మీంచి చప్పుడు చేసుకుంటూ పోయే విమానంలో కూర్చున్నవాడు ఇరవై, ఇరవై రెండేళ్ల కుర్రవాడు.

2018లో అప్పటి ఉప సైన్యాధిపతి లెఫ్టినెంట్ జనరల్ శరత్ చంద్ స్థాయీ సంఘం ముందు దాపరికం లేకుండా చెప్పారు. సైన్యం దగ్గరున్న సామగ్రిలో 68 శాతం పాతబడినదే, అత్యాధునికం అనదగ్గది 8 శాతమే అని. ఆ ఏడాది ఆధునికీకరణకు ఇచ్చింది 21,338 కోట్లు. అప్పటికే కొన్న వాటికి కట్టాల్సిన బాకీ 29,033 కోట్లు. పాత బాకీకే చాలని సొమ్ముతో కొత్త తుపాకీ ఎలా కొంటారు? ఇంకో విడ్డూరం చూడండి. 2024-25లో ఆయుధాల కొనుగోలు కలిసిన పెట్టుబడి పద్దుకు లక్షా 72 వేల కోట్లు ఇచ్చి, సవరించిన అంచనాల్లో 12,500 కోట్లు కోసేశారు. సైన్యం అడిగినంత ఇవ్వరు, ఇచ్చినంత ఖర్చు కానివ్వరు. మార్చి 31తో మురిగిపోకుండా ఐదేళ్లకు 2 లక్షల 38 వేల కోట్ల నిధి ఒకటి పెట్టమని 15వ ఆర్థిక సంఘం సిఫారసు చేసింది. ఆ నిధి ఏర్పడనే లేదు.

సొమ్ముండి కూడా బోలుగా మారిన సైన్యం ఎలా ఉంటుందో నల్లగొండ జిల్లా పెద్దలు కళ్లారా చూశారు. 1937లో టైమ్ పత్రిక ప్రపంచంలోకెల్లా ధనవంతుడని ముఖచిత్రం వేసిన నిజాం, 1948 నాటికి ఇరవై వేల పైచిలుకు సైన్యం పెట్టుకొని, చేతిలో ఒక్క యుద్ధవిమానం లేక, సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా విమానికుడితో కరాచీ నుంచి దొంగచాటుగా తుపాకులు తెప్పించుకున్నాడు. సెప్టెంబరు 13న విజయవాడ వైపు నుంచి యూనియన్ సైన్యం వస్తే, సూర్యాపేట దగ్గర మూసీ వంతెన పేల్చి వెనక్కి తగ్గడం తప్ప నిజాం సేన ఏమీ చేయలేకపోయింది. 17వ తేదీకి అంతా అయిపోయింది. ఆ ఓటమి మనకు విముక్తి, అందులో వాదన లేదు. అయినా ఖజానా నిండుగా ఉండటం వేరు, యుద్ధానికి సిద్ధంగా ఉండటం వేరన్న పాఠం మాత్రం గెలిచినవాళ్లూ నేర్చుకోదగ్గదే.

ఆపరేషన్ సిందూర్‌లో మనవాళ్లు సత్తా చూపారు కదా అని కొందరంటారు. నిజమే. హైదరాబాద్ బీడీఎల్‌లో తయారైన ఆకాశ్ క్షిపణులూ అందులో పాలుపంచుకున్నాయి. కానీ అది నాలుగు రోజుల్లో ఆగిన పోరు. ఉక్రెయిన్‌లో ఏళ్ల తరబడి సాగుతున్న యుద్ధంలో గెలుపోటములు తేలుస్తున్నవి గోదాముల్లోని గుండ్లు. ఆ యుద్ధం మొదలైన రోజునే జర్మనీ సైన్యాధిపతి తమ సేన దాదాపు వట్టి చేతులతో ఉందని బాహాటంగా రాశాడు. వెంటనే ఆ దేశం పది వేల కోట్ల యూరోల ప్రత్యేక నిధి పెట్టుకోవాల్సి వచ్చింది.

తాగే నీళ్లకే దిక్కులేని దేవరకొండకు తుపాకుల లెక్క ఎందుకని అడిగేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు శ్రీశైలం నీళ్లు తేవాల్సిన ఎస్ఎల్‌బీసీ సొరంగం చూపిస్తాను. 44 కిలోమీటర్ల పని, 2005లో ఒప్పందం, ఇటు కొస మన్నెవారిపల్లి దగ్గర. ఇరవై ఏళ్లయినా నీళ్లు పారలేదు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది కార్మికులు చిక్కుకుపోతే, సికింద్రాబాద్ నుంచి సైన్యం ఇంజినీర్లూ పరుగున వచ్చారు. సొరంగానికీ స్క్వాడ్రన్‌కూ పట్టిన జబ్బు ఒక్కటే. శంకుస్థాపన నాడు ఉన్న ఆర్భాటం ఏటా పైసలు విడుదల చేసే నాడు ఉండదు, గడువు దాటినా జవాబు చెప్పేవాడు ఉండడు. నీళ్ల లెక్క అడగడం నేర్చిన జిల్లా సైన్యం లెక్క కూడా అడగగలదు.

అడగాల్సిన చోటు పార్లమెంటు. అక్కడ రక్షణ పద్దులు చాలాసార్లు చర్చే లేకుండా గిలటిన్ పద్ధతిలో పాసైపోతున్నాయి. లక్షల కోట్ల పద్దుకు చేతులెత్తి, బయటికొచ్చి జై జవాన్ అంటే సరిపోతుందా? దేవరకొండ నల్లగొండ లోక్‌సభ స్థానంలోనిది. మన ఎంపీ ఏ పార్టీ అయినా సరే, ఊరికొచ్చినప్పుడు మూడు సంగతులు అడగండి. లక్ష ఖాళీలు ఏ సంవత్సరానికల్లా నింపుతారు? మురిగిపోని నిధి ఎప్పుడు పెడతారు? నాలుగేళ్లు సేవచేసి తండాకు తిరిగొచ్చే అగ్నివీరుడికి ఏ కొలువు ఇస్తారు? వచ్చే బడ్జెట్ సమావేశాల్లో ఈ మూడింటిని సభలో లేవనెత్తుతానని ఆయనతో మాట తీసుకోండి. తప్పితే మళ్లీ ఓటు అడగడానికి వచ్చినప్పుడు గుర్తు చేయండి.