మూసీలో పడవలు, ఒడ్డున కూలీలు

మూసీ ప్రక్షాళన గురించి పాలకులు చెప్పే మాటల్లో పడవల ముచ్చట ఒకటి. నీళ్లు శుభ్రం చేస్తాం, ఒడ్డు వెంట తోటలు వేస్తాం, జనం పడవల్లో తిరుగుతారు అంటున్నారు. తొలి దశలో హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ల నుంచి లంగర్‌హౌజ్ బాపూఘాట్ దాకా 21 కిలోమీటర్లు చేపడతారట. ఈసీ వచ్చి మూసీలో కలిసేది అక్కడే. పట్నపోళ్ల షికారుతో శంషాబాద్ కూలీలకు ఏం పని అని కొందరు మిత్రులు అడుగుతున్నారు. హిమాయత్‌సాగర్‌కు నీళ్లు తెచ్చే వాగులు, నాలాలు మన చేల గట్ల వెంటే పోతాయి. ఆ గట్లు పోసినవాళ్లం, ఆ కుంటల పూడిక తీసినవాళ్లం మనం. కనుక పని ఉంది.

మనం పడవలకు వ్యతిరేకులం కాదు. తెప్ప మీద, పుట్టి మీద వల వేసి బతికే బెస్త, ముదిరాజుల కన్నా నీళ్ల మీద ప్రేమ ఎవరికి ఎక్కువ? మనం అడిగేది వేరు. పడవ తేలాలంటే నీళ్లు కావాలి. ఆ నీళ్లు ఎక్కడివి, వాటిని ఇన్నాళ్లు కాచినవాళ్లకు రేపు దక్కేదేమిటి?

1908 వరదలో పట్నం కొట్టుకుపోయిన తర్వాత, మళ్లీ అలాంటి ముప్పు రాకుండా కట్టిన చెరువులివి. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వీటిని కాపాడటానికి 1996 మార్చిలో 111 జీవో వచ్చింది. చెరువు నిండినప్పటి నీటి అంచు నుంచి 10 కిలోమీటర్ల దాకా కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు కూడదన్నారు. 84 గ్రామాలు దాని కిందికి వచ్చాయి. మన శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఆముదపు నూనె ఉత్పత్తుల కర్మాగారం పెట్టబోతే, ప్రభుత్వమే 1997లో దానికి మినహాయింపు ఇచ్చింది. 2000 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ మినహాయింపు చెల్లదని కొట్టేసింది. తాగే నీళ్ల ముందు ఏ కంపెనీ లాభమూ పెద్దది కాదని తేల్చిన ఆ కేసు మన మండలానిది. ఈ సంగతి మన ఊళ్లలోనే చాలామందికి తెలియదు.

ఆ తర్వాత ఏం జరిగింది? 2022 ఏప్రిల్‌లో 69 జీవో తెచ్చి ఆంక్షలు సడలించారు. ఈ చెరువుల నీళ్లు పట్నానికి ఇప్పుడు పెద్దగా అక్కర్లేదన్నది వాళ్లు చూపిన కారణం. 2023 మేలో 111 జీవోను పూర్తిగా రద్దు చేస్తామని అప్పటి మంత్రివర్గం ప్రకటించింది. ఆ డిసెంబరులో ప్రభుత్వం మారింది. ఇప్పుడు అదే చెరువుల కింద పడవలు తిప్పుతామంటున్నారు! పైన వాగులు పూడ్చి ప్లాట్లు కొడుతుంటే కింద పడవకు నీళ్లేడికెల్లి వస్తయి?

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. 84 గ్రామాల్లో చిన్న రైతులు చాలామంది 111 జీవో పోవాలనే అన్నారు. వాళ్ల బాధ అబద్ధం కాదు. పక్క మండలంలో ఎకరం కోట్లు పలుకుతుంటే తమ భూమికి ధర లేదని, బిడ్డ పెళ్లికి అమ్మబోతే సగానికి అడుగుతున్నారని వాళ్లు మొత్తుకున్నారు. కానీ ఆ తక్కువ ధరకు కొన్నదెవరు? పట్నం పెద్దలు. ఎకరాలకు ఎకరాలు కొని, చుట్టూ గోడ కట్టి, ఫామ్‌హౌసులు వేసుకున్నారు. ఆంక్షలు పోతే ధర పెరిగేది వాళ్ల గోడ లోపలి భూమికే. జీవో ఉన్నా, పోయినా కూలీకి ఒక్క గుంట రాలేదు. వరి పొలం ఫామ్‌హౌసైతే నాటు కూలి పోయింది, కోత కూలి పోయింది. ఇరవై మంది చేసిన చేనికి ఇప్పుడొక్క కాపలాదారు చాలు.

2008 మార్చిలో మొదలైన ఎయిర్‌పోర్టు కింద సుమారు 5,500 ఎకరాలు పోయాయి. పట్టా ఉన్నవాడు చాలదనో, ఆలస్యమనో పరిహారం కోసం కొట్లాడగలిగాడు. పట్టా లేని కూలీ దేని కోసం కొట్లాడాలె? నాగలి పట్టిన చేతులు కాంట్రాక్టరు కింద చీపురు పట్టాయి. నది పేరుతోనూ ఇదే జరగవచ్చునన్నదే మన భయం. 2024 అక్టోబరులో చాదర్‌ఘాట్ వైపు మూసీ ఒడ్డు ఇళ్లు కూల్చి కొందరికి డబుల్ బెడ్‌రూం ఇళ్లు ఇచ్చారు. ఇల్లు ఇచ్చారు సరే, ఇంటి పక్కనున్న పని?

అదే నెలలో సియోల్ నగరంలో చొంగ్గేచోన్ వాగును చూడటానికి ఇక్కడి నుంచి బృందాలు వెళ్లాయి. 2005లో బాగుచేసిన ఆ వాగులో పారేది చాలావరకు హాన్ నది నుంచి మోటార్లతో తోడిపోసే నీళ్లు. ఆ పక్కన సరుకులమ్ముకునేవాళ్లను లేపి ఒక స్టేడియంలోకి తరలించారు. కొన్నేళ్లకు ఆ స్టేడియాన్నీ కూల్చారు. చూడబోయినవాళ్లు ఆ సంగతి కూడా అడిగివస్తే బాగుండేది. ఇక్కడా గోదావరి నీళ్లు మల్లన్నసాగర్ నుంచి తెస్తామని 2025 సెప్టెంబరులో గండిపేట దగ్గర శంకుస్థాపన చేశారు. 20 టీఎంసీల్లో 2.5 టీఎంసీలు మూసీకట. వానాకాలం మన వాగుల్లో వచ్చే నీళ్లకు కరెంటు బిల్లు ఉండదు కదా!

మరో ప్రమాదం ఉంది. 2020 అక్టోబరులో, మళ్లీ 2025 సెప్టెంబరులో గేట్లెత్తితే పట్నం మునిగింది. రెండోసారి ఇమ్లీబన్ బస్టాండులోకే నీళ్లొచ్చాయి. పడవ బాట వేసేచోట గేటు ఎప్పుడెత్తుతారో ఒడ్డువాళ్లకు ముందే తెలిపే ఏర్పాటు ఉండాలి. తెప్పల వాళ్లను జీతమిచ్చి కాపలాకు పెట్టుకోవాలి. నీటి సుడి, లోతు వాళ్లకు తెలిసినట్టు ఏ ఏజెన్సీకి తెలుసు?

దిగువ సంగతి మనకు తెలిసిందే. పట్నం మురుగు పారే నీళ్లలో దిగి వరి నాటేవాళ్లు, పశువుల గడ్డి కోసేవాళ్లు మన ఆడవాళ్లే. 2024 నవంబరులో ముఖ్యమంత్రి వలిగొండ మండలం సంగెం దగ్గర నడిచివెళ్లి ఆ కంపు చూశారు. చూసిన తర్వాత ఖర్చులో ముందు వరుస మురుగు శుద్ధికా, ఒడ్డు మీది హోటళ్లకా అని అడిగే హక్కు మనకుంది.

2013 భూసేకరణ చట్టం బాధిత కుటుంబం అంటే పట్టాదారు ఒక్కడే అనలేదు. సెంటు భూమి లేకున్నా, సేకరణకు ముందు మూడేళ్లు ఆ ప్రాంతంలో పనిచేసి, ఆ బతుకుతెరువు పోగొట్టుకునే కూలీ, కౌలుదారు, చేతివృత్తివాడు అందులో ఉన్నారు. నీటి వనరుల మీద బతికే చేపలవాళ్లు, పడవవాళ్లు అని కూడా రాసి ఉంది. 2017లో మన రాష్ట్రం చేసిన సవరణ మాత్రం సామాజిక ప్రభావ సర్వే లేకుండానే కొన్ని ప్రాజెక్టులకు భూమి తీసుకునే వీలిచ్చింది. సర్వే లేదంటే మన పేరు కాగితం మీద ఎక్కదన్నమాట.

అందుకని సర్వేయర్లు గొలుసు పట్టుకొని రాకముందే మన లెక్క మనం రాసుకోవాలి. శిఖం భూముల్లో ఎండాకాలం పంట వేసేదెవరు, ఎవరి చేలో ఎందరు కూలికి పోతున్నారు, చాకిరేవు ఎక్కడుంది, ఏ కుటుంబం ఎన్నేళ్లుగా చేపలు పడుతోంది అన్నది పేరుపేరునా రాయండి. మూడేళ్ల రుజువుకు ఉపాధి కార్డు, మత్స్య సంఘం సభ్యత్వం, కౌలు కాగితం ఏదుంటే అది జతచేయండి. ఏదీ లేనివాళ్లకు పక్క రైతు సంతకం తీసుకోండి. రెండు కాపీలు చేసి ఒకటి తహసీల్దారు ఆఫీసులో ఇచ్చి, రెండోదాని మీద ముద్ర కొట్టించుకొని సంఘం దగ్గర ఉంచండి.