కూర్చోలేని కుర్చీకి ప్రకృతి పేరెందుకు?

మా హాల్లో కిటికీ పక్కన ఒక కుర్చీ ఉంది. ఆకు ఆకారం. వీపు ఆనే చోట ఆకు ఈనెలు చెక్కి ఉంటాయి. కింద కాళ్ళు తీగల్లా మెలికలు తిరిగి ఉంటాయి. నిజం చెప్పొద్దూ, చూడ్డానికి చాలా బాగుంటుంది. చుట్టాలొస్తే తిన్నగా దాని దగ్గరికే వెళ్ళి వేలితో తడిమి చూస్తారు, ఫోను తీసి ఫొటో కొడతారు. ఖరీదు ఎనభై ఐదు వేలు. పెళ్ళిరోజుకి మా ఆయన ముచ్చటపడి కొన్నారు. తెచ్చిన రోజే "దీన్ని కుర్చీ అనకు, చేత్తో చెక్కిన శిల్పం" అన్నారు.

వచ్చి ఏడాది దాటింది. ఆ శిల్పంలో పావుగంటకి మించి కూర్చున్న మనిషిని నేను చూడలేదు.

ఆ చోట ఇంతకుముందు మామయ్యగారి చేతుల కుర్చీ ఉండేది. టేకుది, సీటుకి వైరు అల్లినది. మామయ్యగారు పోయాక అది అత్తయ్యది అయింది. ఆవిడకి డెబ్బై ఆరేళ్ళు, మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. పొద్దున్నే కాఫీ తాగి అందులో కూర్చుంటే, చిక్కుళ్ళు తుంచుతూ, పేపరు చదువుతూ, కింద గేటు దగ్గర ఎవరొచ్చారో ఎవరెళ్ళారో చెబుతూ పదకొండింటి దాకా అక్కడే ఉండేవారు. ఇంట్లో జరిగే ప్రతి మాటలోనూ ఆవిడ మాట ఒకటి పడేది. ఒక్కోసారి విసుక్కునేదాన్ని కూడా.

ఆకు కుర్చీ రాగానే పాతది సామాను గదిలోకి పోయింది. పక్కపక్కన పెడితే "మ్యాచ్ అవ్వదు" అన్నారు. నేనే పట్టుకెళ్ళి పెట్టాను, ఇంకెవర్నో అనడానికి లేదు.

కొత్తదాని సీటు నేలకి పదమూడు అంగుళాల ఎత్తు. చేతులు లేవు. అందులో కూర్చోవడమంటే వెనక్కి పడ్డమే. లేవాలంటే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మొదటి వారం అత్తయ్య "అమ్మాయ్, ఓ చెయ్యివ్వవే" అని పిలిచేవారు. పొయ్యి మీద పోపు వదిలేసి పరిగెత్తేదాన్ని. రెండో వారం పిలుపులు తగ్గాయి. ఆ తర్వాత ఆవిడ హాల్లోకి రావడమే మానేశారు. ఆ సంగతి నాకు అర్థం కావడానికి నెల పట్టింది. అడిగితే "గదిలోనే బాగుందమ్మా, ఫ్యాను గాలి బాగా తగుల్తోంది" అన్నారు. మేమంతా నమ్మేశాం. నమ్మితే మాకే సుఖం కదా.

ఇది మా ఇంటి సంగతే అయితే రాసేదాన్ని కాదు. ఈ మధ్య ఏ గృహప్రవేశానికి వెళ్ళినా ఇదే వరస. ఒకరింట్లో టేకు మొద్దు వేళ్ళతో సహా బోర్లించి దాని మీద అద్దం పెట్టిన టీపాయి. ఇంకొకరింట్లో పుట్టగొడుగుల్లాంటి స్టూళ్ళు. ఇంకొకరింట్లో కొమ్మలు గోడలోంచి పొడుచుకొచ్చినట్టు పుస్తకాల అర, అందులో పుస్తకం నిలబెడితే పక్కకి ఒరిగిపోతుంది. అన్నిటికీ ఒకే మాట: ప్రకృతి స్ఫూర్తి. ఆ మాట అనగానే మనం నోరు మూసుకోవాలి. ప్రకృతిని వద్దనే దుర్మార్గురాలు ఎవరుంటారు?

నేనంటాను. ఇది ప్రకృతి కాదు, ప్రకృతి వేషం.

నాకీ మాట చెప్పే ధైర్యం ఇచ్చింది మా వడ్రంగి. కిటికీ తలుపు బిగుసుకుపోతే సరిచెయ్యడానికి వచ్చాడు. పని అయ్యాక ఈ కుర్చీ చుట్టూ రెండుసార్లు తిరిగి, వంగి కాళ్ళు చూసి, "అమ్మా, లావుగా ఉన్నవాళ్ళని దీంట్లో కూర్చోనివ్వకండి" అన్నాడు. ఎందుకంటే వివరంగా చెప్పాడు. చెక్కలో నిలువుగా పోగులుంటాయి. బలమంతా ఆ పోగులదే. తిన్నటి పలకలోంచి మెలిక ఆకారం కోసి తీస్తే, వంపు ఉన్న చోట పోగులు అడ్డంగా తెగిపోతాయి. అక్కడ చెక్క బిస్కట్టులా విరుగుతుంది. "మా తాత నాగళ్ళు చేసేవాడు. దుంపకి సరిపడా వంపు ఉన్న తుమ్మ కొమ్మ దొరికేదాకా పొలం గట్లన్నీ తిరిగేవాడు. చెట్టు తనంతట తను వంగిన చోట పోగులు కూడా దాంతోపాటే వంగుతాయి. ఆ వంపు ఎద్దులు లాగినా విరగదు" అన్నాడు.

ఆ రోజు రాత్రి చాలాసేపు ఆ తాతగారి గురించే ఆలోచించాను. చెట్టు దగ్గరికి వెళ్ళి, నీ దగ్గర ఏముంది, నా పనికి ఏదిస్తావు అని అడగడం అది. ప్రకృతి నుంచి నేర్చుకోవడం అంటే అదీ. చచ్చిపోయిన పలక మీద బతికున్న తీగ బొమ్మ చెక్కి, ఆ చెక్కడంలో చెక్కకున్న బలం కూడా తీసేసి, దానికి ప్రకృతి అని చీటీ కట్టడం వేరు.

నది టేబుళ్ళ గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. రెండు పక్కలా చెట్టు అంచు అలాగే ఉంచిన చెక్క, మధ్యలో నీలంగా గాజులా మెరిసే నది. ఆ నది ఎపాక్సీ రెసిన్. పెట్రోలియం నుంచి తీసిన రసాయనాలతో తయారవుతుంది. ఒకసారి గట్టిపడితే మళ్ళీ కరగదు, కరిగించి ఇంకో వస్తువు చెయ్యలేం. ఎండ తగిలే చోట పెడితే రానురాను పసుపు తిరుగుతుంది. పొయ్యి మీంచి దించిన సాంబారు గిన్నె పెడితే మచ్చ పడుతుంది. భోజనాల బల్ల మీద గిన్నె పెట్టకూడదంటే ఇంకేం పెట్టాలి? పైగా ఆ చెక్క చాలాసార్లు నిద్రగన్నేరు. మన రోడ్ల పక్కన గొడుగులా పరుచుకుని నీడనిచ్చే చెట్టు అది. మూసీని మురుక్కాలవ చేసుకున్న ఊళ్ళో, నీడచెట్టుని పలకలు కోసి, మధ్యలో ప్లాస్టిక్ నది పారించుకుని, "మా ఇంట్లో ప్రకృతి ఉంది" అనుకుంటున్నాం.

ఇక దుమ్ము. ఇది మగవాళ్ళు రాసే ఇంటీరియర్ వ్యాసాల్లో ఎక్కడా కనపడదు. ఆకు ఈనెల్లో దుమ్ము గుడ్డతో పోదు. పిల్లల పాత పెయింటింగ్ బ్రష్షుతో ఒక్కో ఈనె తుడవాలి. నేను లెక్కపెట్టాను, ఇరవై రెండు ఈనెలు. వేళ్ళ టీపాయి ఉన్న స్నేహితురాలు వారానికోసారి వేళ్ళ సందుల్లో బొద్దింకల మందు కొడుతోంది. మా పనమ్మాయికి ఈ కుర్చీ కాలి మెలిక తగిలి రెండుసార్లు మోకాలు చెక్కుకుపోయింది. కొన్నాయన మాత్రం సాయంత్రం వచ్చి సోఫాలో కూర్చుని దాన్ని చూసి ఆనందిస్తారు. మ్యూజియంలో అయితే తుడిచేవాళ్ళకీ, కాపలావాళ్ళకీ జీతాలుంటాయి.

"నీకు కళ తెలీదు" అన్నారు మా ఆయన. సరే, ఆ మాటకే వద్దాం. చెక్కని శిల్పంగా మలిచి పేరు తెచ్చుకున్నవాళ్ళ గురించి చదివాను. చదివినకొద్దీ నా పట్టు ఇంకా పెరిగింది.

జార్జ్ నకషిమా అని జపాను మూలాలున్న అమెరికన్. 1905లో పుట్టారు, 1990లో పోయారు. ఆయనకీ మన దేశానికీ దగ్గర సంబంధం ఉంది. 1930ల చివర్లో పుదుచ్చేరిలో అరవిందాశ్రమం వాళ్ళ గోల్కొండ్ భవనం కట్టడానికి వచ్చి అక్కడే ఆశ్రమవాసిగా ఉన్నారు. అరవిందులు ఆయనకి సుందరానందుడని పేరు పెట్టారు. (ఆ భవనానికి మన గోల్కొండ పేరు ఎందుకంటే, దానికి డబ్బు నిజాం ప్రభుత్వం నుంచి వచ్చింది. సర్ అక్బర్ హైదరీ ఇప్పించారు. హైదరాబాదులో ఇన్నేళ్ళుండి నాకీ సంగతి ఇప్పటిదాకా తెలీదు.) రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా తన జపాను మూలాల పౌరుల్ని శిబిరాల్లో బంధించినప్పుడు ఈయన్నీ కుటుంబంతో సహా ఐడహోలో పెట్టారు. అక్కడే ఒక జపాను వడ్రంగి దగ్గర పనిముట్లు పట్టడం సరిగ్గా నేర్చుకున్నారు. ఇవాళ మనవాళ్ళు మోజుపడుతున్న చెట్టు అంచు టేబుల్‌కి అంత పేరు తెచ్చింది ఈయనే. చెక్క పగిలితే ఆ పగులుని రెసిన్ పోసి కప్పలేదు. సీతాకోకచిలుక ఆకారంలో చిన్న చెక్కముక్క చేసి, పగులుకి అడ్డంగా దిగ్గొట్టి, ఇక పగలకుండా పట్టి ఉంచేవారు. పగులు అలాగే కనపడుతుంది. టేబుల్ మాత్రం ఎన్నేళ్ళైనా అన్నం తినే టేబుల్‌గానే ఉంటుంది.

శామ్ మలూఫ్ ఇంకొకరు, కాలిఫోర్నియా ఆయన. ఆయన ఊగే కుర్చీ చూస్తే ఒక్క ముక్కలోంచి నీళ్ళలా జారినట్టుంటుంది, అతుకు ఎక్కడుందో తెలీదు. వైట్‌హౌస్ దాకా వెళ్ళిన కుర్చీ అది. 1985లో మేధావులకిచ్చే మెకార్థర్ ఫెలోషిప్ ఇచ్చారు ఆయనకి. అయినా తనని కళాకారుడనడం కంటే చెక్క పనివాడు అనడమే ఆయనకిష్టం. వంపులన్నీ వీపు కోసం, నడుము కోసం, మోచెయ్యి ఆనడం కోసం తీసినవే. వార్టన్ ఎషరిక్ సంగతి మరీ బాగుంటుంది. శిల్పి ఆయన. 1938లో ఒక నాటకాల థియేటరుకి కుర్చీలు కావాల్సివస్తే, సుత్తి పిడులతో కుర్చీలు చేసిచ్చారు. చేతికి ఒదగాలని చేసిన వంపు కుర్చీలోనూ అందంగా ఒదిగింది.

వీళ్ళెవరూ మనిషి ఒంటిని మర్చిపోలేదు. మనిషి ఒళ్ళు కూడా ప్రకృతే కదా. అరిగిన మోకాలు ప్రకృతి కాదా? ఆకు ఈనెల్ని అంత శ్రద్ధగా చూసి చెక్కినవాడు, కూర్చున్న ముసలావిడ ఎలా లేస్తుందో ఒక్కసారి చూసి ఉంటే ఆ సీటు పదమూడు అంగుళాల దగ్గర ఆగేది కాదు. మామూలు కుర్చీ పదిహేడు, పద్దెనిమిది అంగుళాలుంటుంది. పెద్దవాళ్ళకి ఇంకాస్త ఎత్తుంటే మేలు, చేతులు తప్పకుండా ఉండాలి. ఇది ప్రతి పల్లెటూరి వడ్రంగికీ తెలిసిన లెక్కే.

అందం అక్కర్లేదని నేననడం లేదు. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళకి అందం కోసం డబ్బు ఖర్చుపెట్టే అవకాశం దొరికేదే తక్కువ, దాన్ని నేనెందుకు లాక్కుంటాను? అమ్మమ్మగారింట్లో పందిరి మంచం కోళ్ళకి తామర మొగ్గలుండేవి. పట్టుకుని లేవడానికి సరిగ్గా అరచేతిలో ఇమిడేవి. ఎన్ని చేతులు పట్టుకున్నాయో, మొగ్గలు అద్దంలా నున్నబడిపోయాయి. తుడవాల్సిన పనే లేదు.

సిగ్గుపడుతూ ఇంకో మాట కూడా చెప్పాలి. షోరూములో ఎనభై ఐదు వేలకి మేం ఒక్క రూపాయి బేరమాడలేదు. కళకి బేరమేంటని. అదే కిటికీ తలుపు సరిచేసిన వడ్రంగి పన్నెండు వందలు అడిగితే వెయ్యికి ఒప్పుకోమని నేనే గొంతెత్తాను. ఆ షోరూము కుర్చీని చెక్కింది కూడా ఇలాంటి చేతులే అయ్యుంటాయి. బిల్లు మీద డిజైనరు పేరుంది, చెక్కినవాడి పేరు లేదు. అతని చేతికి ఎంత ముట్టిందో అడగాలని నాకు అప్పుడు తోచలేదు. ఇప్పుడు ఫోను చేసి అడిగితే "మేడమ్, అది మాకు తెలీదు" అన్నారు.

మీరు కొనబోతుంటే దయచేసి టేపు పట్టుకెళ్ళండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళనే తీసుకెళ్ళండి. అరగంట కూర్చోబెట్టండి, ఎవరి సాయం లేకుండా లేవమనండి. వేడి గిన్నె పెట్టొచ్చా, కాలు విరిగితే ఎవరు బాగుచేస్తారు, చెక్క ఎన్నాళ్ళు ఆరబెట్టారు అని అడగండి. గాలికి ఆరబెడితే అంగుళం మందానికి ఏడాది అని వడ్రంగులు చెప్పే లెక్క. మూడంగుళాల పలకని ఆరు నెలల్లో టేబుల్ చేసి అమ్మితే మన ఎండాకాలం దాన్ని పగలగొట్టి చూపిస్తుంది. ఇవి అడిగితే అమ్మేవాడి మొహం మారుతుంది, పక్కనున్న మీవారి మొహమూ మారుతుంది. మారనివ్వండి.

పోయిన ఆదివారం సామాను గది తెరిచి మామయ్యగారి కుర్చీ తీశాను. సీటు వైరు రెండు చోట్ల తెగింది, ఒక చెయ్యి కదులుతోంది. మా ఆయన చూశారు, ఏమీ అనలేదు. ఆకు కుర్చీ ఎక్కడ పెట్టాలన్న మాట మా మధ్య ఇంకా తేలలేదు. వడ్రంగిని పిలిస్తే చెయ్యి బిగించి, సీటు కొత్తగా అల్లించి, కాళ్ళ కింద దిమ్మలు వేసి ఎత్తు పెంచుతానన్నాడు. రెండు వేలు చెప్పాడు. నేనేం మాట్లాడలేదు. అత్తయ్యని మంచం మీంచి లేపి నిలబెట్టి, నేల నుంచి మోకాలి దాకా టేపు పెట్టి కొలిచాడు. "పద్దెనిమిదిన్నర" అని చెవిలో పెన్సిలు తీసి గోడ మీదే రాసుకోబోతే, అత్తయ్య "ఒరేయ్, గోడ మీద కాదురా" అని గట్టిగా అరిచారు. ఆ గొంతు విని చాలా నెలలైంది.