అబద్ధానికి అనుమతి
పోతన భాగవతం అష్టమ స్కంధంలో శుక్రాచార్యుడు బలి చక్రవర్తికి అనృతదోషం, అంటే బొంకినందువల్ల వచ్చే పాపం, అంటని సందర్భాలను చెబుతూ వివాహాన్నీ వాటిలో చేరుస్తాడు. గురువే అనుమతించినా బలి వామనుడికిచ్చిన మాట తప్పడు. నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్న సామెత ఆ అనుమతినే ఊరూరికీ పంచిపెట్టింది. ఆ అనుమతి బరువు ఎంతటిదో శ్రీకాకుళం జిల్లాలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి దశాబ్దాలుగా పీడిస్తున్న ఉద్దానాన్ని తలచుకుంటే అర్థమవుతుంది. మూత్రపిండాలు వడకట్టవలసిన వ్యర్థమైన క్రియాటినిన్ వరుడి రక్తంలో పెరిగిందన్న సంగతిని పెళ్ళి కోసం దాచవచ్చునని పెద్దలే అన్నప్పుడు నిజాయితీపరుడికి కలిగేది ఊరట కాదు, కలవరం. ఎందుకంటే ఆ క్షణం నుంచి అతడు చెప్పే నిజం కూడా అతడి ఇష్టం మీదే నిలిచినదై, వినేవారికి దాన్ని నమ్మే ఆధారం పోతుంది. పైగా పెద్దలు తమ వంతు నిందను మానుకోగలరే తప్ప, మోసపోబోయే అమ్మాయి తరఫున అనుమతినిచ్చే అధికారం వారికి లేదు. కారణం ఇప్పటికీ పూర్తిగా తేలని ఆ జబ్బులో రోగి సిగ్గుపడవలసినదేమీ లేదు. ఉద్దానంలో సంబంధాలు కుదిర్చే పెద్దలు జాతకాలతోపాటు రక్తపరీక్ష కాగితాలనూ ఇరువైపులవారి ముందుంచాలి.