బైపాస్ బారులో ఇద్దరికి బల్ల ఏది?

నల్లగొండలో జంటలు కూర్చునే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పానగల్లు ఉదయసముద్రం కట్ట, ఛాయా సోమేశ్వరాలయం ఆవరణ, హైదరాబాద్ రోడ్డులో రెండు మూడు బేకరీలు, లేదంటే సినిమా హాలు. పాలమూరులో, అంటే మహబూబ్‌నగర్‌లో, మయూరి పార్కు, పెద్దచెరువు కట్ట, పిల్లలమర్రి. ఏడు వందల ఏళ్ల నాటిదని చెప్పుకునే ఆ మర్రికి 2018లో చెదలు ముదిరి సెలైన్ సీసాలు కట్టాల్సి వచ్చింది, చాలాకాలం జనాన్ని దగ్గరికి పోనివ్వలేదు. ఆదివారం సాయంత్రం వీటిలో దేనికి పోయినా మేనమామో, ట్యూషన్ సారో, పక్కింటి అక్కో ఎదురుపడక మానరు. బేకరీలో అరగంట దాటితే కౌంటర్ దగ్గరి మనిషి ‘‘ఇంకేం గావాలె?’’ అని రెండోసారి అడుగుతాడు. అప్పుడు జంట చూపు ఊరి చివర బైపాస్ పక్కన మెరిసే బార్ అండ్ రెస్టారెంట్ బోర్డు మీద పడుతుంది.

వీళ్లు ఇంటర్ పిల్లలు కారు. తెలంగాణలో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు, కాబట్టి ఇది ఉద్యోగాల్లో కుదురుకున్నవాళ్ల ముచ్చట. 2023లో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలోనూ, నల్లగొండలోనూ ఐటీ టవర్లు తెరిచారు. పోలేపల్లి సెజ్‌లో, చౌటుప్పల్ చుట్టుపక్కల మందుల కంపెనీల్లో షిఫ్టులు నడుస్తున్నాయి. రెండు జిల్లా కేంద్రాల్లోనూ మెడికల్ కాలేజీలున్నాయి, బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. సొంత జీతం, సొంత ఫోను ఉన్న ఆడపిల్లలు ఈ ఊళ్లలో ఇప్పుడు కొత్త కాదు. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ కూడా లేదు. జడ్చర్ల నుంచి జీరో టికెట్ మీద మహబూబ్‌నగర్ బస్టాండులో దిగొచ్చు. దిగాక ఎటు పోవాలన్నదే చిక్కు.

జిల్లా కేంద్రంలో సగటు బారు ఎట్లుంటుందో మగ పాఠకులకు చెప్పనక్కర్లేదు. ఆడ పాఠకుల్లో చాలామందికి చూసే అవకాశం రాలేదు కాబట్టి చెప్పాలి. కింద వైన్స్, పక్కన పర్మిట్ రూం, మెట్లెక్కితే పైన బారు. నల్ల అద్దాల తలుపు తీయగానే ఏసీ చలి, సిగరెట్ వాసన, గోడ మీద క్రికెట్. మధ్యాహ్నం మూడింటికి కూడా లోపల రాత్రే. బల్లల మీద క్వార్టర్ సీసాలు, సోడా, కోసిన ఉల్లిగడ్డ, నిమ్మచెక్క, మసాలా పల్లీ, సగం తిన్న చికెన్ పకోడి. ఒక ఆడమనిషి అడుగుపెడితే నాలుగు బల్లల దగ్గర మాట ఆగిపోతుంది. సర్వర్ కుర్రాడు పరుగున వచ్చి, ఆమె వంక చూడకుండా పక్కనున్న మగమనిషిని అడుగుతాడు: ‘‘ఫ్యామిలీయా అన్నా? ఇటు రాండ్రి.’’

ఇటు అంటే వంటగదికి పోయే దారి పక్కన ప్లైవుడ్‌తో చేసిన క్యాబిన్ల వరుస. ఒక్కో దాంట్లో ఒక బల్ల, రెండు సోఫాలు, జీరో బల్బు, ముందర మెరూన్ రంగు పర్దా, గోడకు కాలింగ్ బెల్లు.

ఆ కుర్రాడిది మర్యాదే. యజమాని చెప్పిందీ మర్యాదే. అయినా తొలిసారి కలుస్తున్న ఇద్దరికి ఆ క్యాబిన్ అంత పనికిమాలిన చోటు ఇంకోటి లేదు. పర్దా వేయగానే, ఆమె ఇంకా తేల్చుకోని సంగతేదో తేలిపోయినట్టే అవుతుంది. ఆమెకు ఆ మనిషి నచ్చకపోతే లేచిపోవడానికి అతన్ని దాటుకునే పోవాలి. గ్లాసులో ఏం పోశారో, ఎంత పోశారో ఆ వెలుతురులో కనపడదు. గొంతు పెరిగినా బయట టీవీ మోతలో వినపడదు. పోనీ, రహస్యమైనా దక్కుతుందా అంటే అదీ లేదు. ఆ వరుసలోకి ఎవరెవరు పోయారో హాలంతా చూసే ఉంటుంది. బయటికొచ్చేటప్పుడు మరింత శ్రద్ధగా చూస్తుంది. నలుగురిలో కూర్చుని బీరు తాగిన జంటను జనం రెండు నిమిషాలు చూసి వదిలేస్తారు. పర్దా వెనక కూర్చున్న జంట గురించి రెండు వారాలు మాట్లాడతారు.

ఇట్లా వేరు చేసి కూర్చోబెట్టడం మన దగ్గర పుట్టిన ఆచారమేమీ కాదు. కెనడాలోని ఒంటారియోలో 1934లో బీరు హాళ్లకు అనుమతిచ్చినప్పుడు మగవాళ్లకు ఒక గది, ‘ఆడవారు, వారి వెంట వచ్చినవారు’ అని బోర్డు పెట్టి ఇంకో గది ఏర్పాటు చేశారు. దశాబ్దాల పాటు అదే నడిచింది. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో 1965 మార్చి 31న మెర్ల్ థార్న్‌టన్, రోజలీ బోగ్నర్ అనే ఇద్దరు మహిళలు రెగట్టా హోటల్ బారుకు వెళ్లి, తమకు మందు పోయనంటే కౌంటర్ కడ్డీకి గొలుసుతో కాళ్లు కట్టేసుకుని కూర్చున్నారు. అక్కడి చట్టం మారడానికి ఇంకో అయిదేళ్లు పట్టింది. మన ఎక్సైజ్ చట్టంలో ఆడవాళ్లు హాల్లో కూర్చోకూడదని ఎక్కడా లేదు. అడ్డమున్నది అలవాటొక్కటే.

ఆ అలవాటైనా ఈ నేలదేనా? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత, 2019-21 నాటిది, తిరగేస్తే వేరే బొమ్మ కనపడుతుంది. దేశం మొత్తమ్మీద పదిహేనేళ్లు దాటిన ఆడవాళ్లలో మద్యం తాగేవారు 1.3 శాతం. తెలంగాణలో 6.7 శాతం. అందులోనూ పట్నాల్లో 2.6 శాతమైతే పల్లెల్లో 9 శాతం. పబ్బులున్న హైదరాబాద్ కన్నా తాళ్లున్న పల్లెలే ముందున్నాయి. కారణం ఊహించడం కష్టం కాదు. అది కల్లు. బోనాల నాడు ఎల్లమ్మకు శాక పోసేదీ కల్లే, నాటు పనులు ముగిశాక అత్తాకోడళ్లు చెరో ముంత పంచుకునేదీ కల్లే. నల్లగొండ పల్లెల్లో మాపటేళ తాటివనం కిందికి పోయి చూస్తే, ఆలుమగలు పక్కపక్కన గొంతుక్కూర్చుని, గౌడన్న లొట్టి వంచి పోస్తుంటే గుడాలు నంజుకుంటూ తాగడం కనపడుతుంది. అక్కడ పర్దా లేదు, జీరో బల్బు లేదు, ‘ఫ్యామిలీయా?’ అనే అడుగుడు లేదు. పాతకాలం చోటు ఆడమనిషికి బల్లపీట లేకుండానే చోటిచ్చింది. ఏసీ పెట్టిన కొత్తకాలం బారు ఆమెను ప్లైవుడ్ వెనక్కి పంపింది.

కల్లు కాంపౌండును ఆకాశానికెత్తాల్సిన పనీ లేదు. కల్లులో క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం లాంటివి కలిపే దందా పాలమూరును ఏళ్ల తరబడి పీడించింది. 2015లో ప్రభుత్వం కల్తీ మీద దాడులు చేస్తే, మత్తుమందు ఒక్కసారిగా ఆగి వణుకుతో, పిచ్చిచూపులతో జనం మహబూబ్‌నగర్, నిజామాబాద్ ఆసుపత్రులకు వచ్చిపడ్డారు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు ప్రాణాలే తీసింది. చెట్టు కింద, కళ్లముందు దించిన కల్లు వేరు, డ్రమ్ముల్లో వచ్చే తెల్లనీళ్లు వేరు. తెలిసిన గౌడు లేని చోట జంటలు ఆ సరదాకు పోకపోవడమే మేలు.

పర్దా ఇంతగా చెల్లడానికి అసలు కారణం సిగ్గు కన్నా భయం. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో, ఆసుపత్రి నుంచి గర్భవతి అయిన భార్యతో బయటికొస్తున్న ప్రణయ్‌ని పట్టపగలు నరికి చంపారు. కులం దాటి పెళ్లి చేసుకోవడమే అతను చేసిన నేరం. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి జీవితఖైదు వేసింది. తీర్పు వచ్చింది కానీ జిల్లాలో ప్రతి ప్రేమజంటకూ ఆ సీసీటీవీ దృశ్యం గుర్తుంది. 2019 ప్రేమికుల రోజున మేడ్చల్ దగ్గర కండ్లకోయ పార్కులో బజరంగ్‌దళ్ కార్యకర్తలు ఒక జంటతో బలవంతంగా తాళి కట్టించి వీడియో తీశారు. పార్కుకు పోతే తాళి, బండెక్కి ఊరు దాటితే వెంటపడే బంధువులు. ఇట్లాంటి చోట ‘‘ఎవరన్నా చూస్తే?’’ అన్న మాట పిరికితనం అనిపించుకోదు. అందుకే జంటలు ఊరికి దూరంగా, చీకటిగా ఉన్న బారును ఏరుకుంటాయి.

ఆ ఎంపికలోనే అసలు ప్రమాదం ఉంది. ఊరికి దూరమంటే తిరిగొచ్చే దారికి దూరమని. రహదారుల పక్కన 500 మీటర్ల లోపు మద్యం అమ్మకూడదని సుప్రీంకోర్టు 2016 డిసెంబర్‌లో చెప్పింది. 2017 జులైలో పట్టణ పరిధిలోని రోడ్లకు ఆ నిబంధన వర్తించదని వివరణ ఇచ్చింది. ఆ వివరణ పుణ్యమా అని పట్టణ పరిధి గీత లోపల బైపాస్ బార్లకు దారి మిగిలింది. అక్కడికి పోవడానికి బైకుంది. రావడానికీ అదే బైకు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే మోటారు వాహనాల చట్టం కింద మొదటిసారికే పది వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. హైదరాబాద్‌లోలాగా ఫోనులో నొక్కితే క్యాబ్ వచ్చే ఏర్పాటు నార్కట్‌పల్లి దగ్గరో, భూత్పూర్ దగ్గరో నమ్ముకోదగ్గది కాదు. రాత్రి తొమ్మిది దాటాక బైపాస్ మీద షేర్ ఆటో కూడా ఆగదు. ఇద్దరిలో ఒకరు తాగి, అదే బండి మీద ఇద్దరూ వచ్చే డేట్ కన్నా మేనమామ కంట పడటమే నయం.

కాబట్టి బస్టాండుకు నడిచిపోయేంత దూరంలో, మెయిన్‌రోడ్డు మీద ఉన్న చోటే మంచిది. సాయంత్రం ఆరింటికి పోవడం మేలు. అప్పటికి పగలంతా తాగేవాళ్లు లేచిపోయి ఉంటారు, రాత్రి సిట్టింగులు ఇంకా మొదలవవు. లోపల ఇంకో బల్ల దగ్గరైనా ఆడమనిషి కూర్చుని ఉందా లేదా అన్నది మెనూ కార్డు కన్నా ముందు చూడాల్సిన సంగతి. లేకపోతే బిర్యానీ పార్శిల్ అడిగి బయటికి రావడంలో నామోషీ ఏమీ లేదు. ఇంకో పరీక్ష, ఎవరూ పైకి చెప్పనిది, బాత్రూం. ఆడవాళ్లకు విడిగా ఉందా, గడియ పడుతుందా, నీళ్లొస్తున్నాయా? చాలా బార్లలో ‘లేడీస్’ అని రాసిన తలుపు వెనక ఖాళీ సీసాల డబ్బాలు పేర్చి ఉంటాయి. ఆ డబ్బాలు చూస్తే చాలు, ఆ బారు ఎవరి కోసం కట్టారో తెలిసిపోతుంది. ఇక ఇద్దరిలో ఒకరు తాగనివారైతే లైమ్‌సోడాకు సర్వర్ మొహం ఎట్లా పెడతాడో కూడా గమనించదగ్గదే. సోడా తాగే మనిషిని మర్యాదగా చూసే బారు సాధారణంగా మిగతా విషయాల్లోనూ మర్యాదగానే ఉంటుంది.

జంటలకు బారు చూపించడమేమిటని తల్లులు అడుగుతారు. అడిగే హక్కు వాళ్లకుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం ఆడవాళ్లదే. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్య నిషేధం ఆ పోరాటం నుంచే వచ్చాయి. 1997లో నిషేధం సడలింది, బెల్టుషాపులు ఊరూరా మొలిచాయి. ఆ తల్లులు కొట్లాడింది భర్త కూలి డబ్బు తాగి వచ్చి కొట్టే ఇంటి మీద. ఆ తాగుడు ఇప్పటికీ పర్మిట్ రూంలో, నిలబడి, పావుగంటలో క్వార్టర్ ఖాళీ చేసే పద్ధతిలో సాగుతూనే ఉంది. వెలుతురున్న హాల్లో ఒక బీరు ముందు పెట్టుకుని గంటన్నర మాట్లాడుకునే ఇద్దరిని ఆ లెక్కలో కలపడం న్యాయం కాదు. ఆడవాళ్లు కూర్చునే చోట మగవాళ్లు కూడా కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుని తాగుతారన్నది వాదన కోసం చెబుతున్నది కాదు. ఏ తాటివనంలోనైనా చూడొచ్చు.

ప్రభుత్వానికి ఈ వ్యాపారం మీద మాట చెల్లదా అంటే, చెల్లుతుంది. 2023లో 2,620 వైన్స్ దుకాణాల లాటరీకి 1.32 లక్షల దరఖాస్తులొచ్చాయి. ఒక్కోదానికి తిరిగివ్వని రెండు లక్షల ఫీజు. చుక్క మందు అమ్మకుండానే ఖజానాకు 2,600 కోట్లకు పైగా చేరింది. 2025లో ఆ ఫీజును మూడు లక్షలు చేశారు. ఇంత వసూలు చేసే శాఖ బారు లైసెన్సు రెన్యువల్ నాడు ఆడవాళ్ల బాత్రూం తలుపు తెరిచి చూస్తే దాని సొమ్మేమీ పోదు. బార్లలో ఆడవాళ్లు పనిచేయకూడదన్న పంజాబ్ ఎక్సైజ్ చట్టం సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2007లోనే అనూజ్ గార్గ్ కేసులో కొట్టేసింది. రక్షణ పేరుతో ఆడవాళ్లను ఇంట్లో కూర్చోబెట్టడం రక్షణ కాదన్నది ఆ తీర్పు సారం. నల్లగొండలో, పాలమూరులో బారు కౌంటర్ వెనక ఒక ఆడమనిషి బిల్లు కొడుతూ కూర్చుంటే, లోపలికొచ్చే ఆడమనిషికి సగం బెరుకు అక్కడే తీరుతుంది.

యజమానులు చేయగలిగింది అంతకన్నా చిన్నది. హాల్లో కిటికీ పక్కన నాలుగు బల్లలు ఇద్దరిద్దరు కూర్చునేట్టు వేయండి, వాటి మీద మామూలు ట్యూబులైట్ వెలిగించండి, క్యాబిన్ల పర్దాలు తీసేయండి. జంట లోపలికి రాగానే ‘‘ఎక్కడ కూసుంటరు?’’ అని ఆమెనే అడగమని సర్వర్‌కు చెప్పండి.