ఇచ్చిన చేత్తోనే పెత్తనమూ పంచాలి

తెలుగు భాషకు కంప్యూటర్లో జరిగిన మేలులో పెద్ద వాటా దానంగా వచ్చిందే. ఏ కంపెనీయో, ఏ స్వచ్ఛంద సంస్థో సొంత డబ్బు పెట్టి చేయించి, ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా మార్చుకోవచ్చు అని రాసిచ్చి వదిలిన ఫాంట్లు, ఉపకరణాలు మనకు చాలానే ఉన్నాయి. ఇచ్చినవారికి కృతజ్ఞత చెప్పాల్సిందే. అయితే ఆవిష్కరణ సభ జరిపి, శాలువా కప్పి, ఫొటో దిగితే పని అయిపోయినట్టేనన్న ధోరణి మన దగ్గర పాతుకుపోయింది. ఓపెన్ సోర్స్‌లో అసలు పని ఆ మర్నాడు మొదలవుతుంది. నలుగురు చేరి తప్పులు పట్టి, దిద్ది, కొత్తవి చేర్చకపోతే ఎంత గొప్ప కానుకైనా పదేళ్లలో మూలపడుతుంది. ఆ నలుగురూ చేరాలంటే ఇచ్చినవారు వస్తువుతోపాటు దానిమీద పెత్తనాన్నీ పంచుకోవాలి.

గురజాడ అప్పారావు 1862లో పుట్టిన సర్వసిద్ధి రాయవరం ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. ఆ మహాకవి పేరు పెట్టుకున్న తెలుగు ఫాంటు ఒకటుంది. అమెరికాలోని ప్రవాస తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర 'గురజాడ'తోపాటు 'గిడుగు', 'మండలి', 'సురవరం', 'మల్లన్న', 'ధూర్జటి', 'రామభద్ర' వంటి ఎన్నో ఫాంట్లను ఎస్‌ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద అందుబాటులోకి తెచ్చింది. గూగుల్ ఫాంట్స్ నుంచి వాటిని ఎవరైనా పైసా ఖర్చు లేకుండా తీసుకోవచ్చు. యూనికోడ్‌లో రకరకాల తెలుగు అక్షరాలకు కరువున్న రోజుల్లో ఆ కరువు తీర్చిన కానుక అది. కానీ ఆ వరుసలోని చాలా ఫాంట్లకు తెలుగు అక్షరాల రూపకర్తగా కనిపించే పేరు ఒక్కటే: పురుషోత్ కుమార్ గుత్తుల. ఒక్క మనిషి అన్ని రూపాలు దిద్దడం ఆయన ఘనత. కోట్లమంది మాట్లాడే భాషలో ఆయన పక్కన మరో పదిమంది పేర్లు కనిపించకపోవడం మన సమాజపు వెలితి.

ఆ వెలితి వల్ల వచ్చే చిక్కు చూడండి. పాత అచ్చు పుస్తకాల్లో మాట చివరి 'న్'ను నకారపొల్లు అనే ప్రత్యేక రూపంలో వేసేవారు. యూనికోడ్‌లో దానికి చోటు దక్కింది 2021 సెప్టెంబరులో, 14వ వెర్షన్‌లో. ప్రాచీన శాసనాల్లో కనిపించే ఒక రకారానికి అంతకుముందు 2015లో చోటిచ్చారు. 2013లో తయారైన 'గురజాడ' వంటి ఫాంటులో ఈ రెండూ ఉండే అవకాశమే లేదు. ఎవరో ఒకరు కూర్చుని గీసి, పక్క అక్షరాలతో సరిచూసి, కొత్త వెర్షన్ విడుదల చేయాలి. ఆ పని చేసేవారు లేకపోతే అక్షరం ఉండాల్సిన చోట ఖాళీ గడి కనిపిస్తుంది, లేదా వేరే ఫాంటులోని అక్షరం వచ్చి అతుకు వేసినట్టు కూర్చుంటుంది. గురజాడ కాలపు పుస్తకాన్ని గురజాడ పేరున్న ఫాంటులో ఉన్నదున్నట్టు వేద్దామనుకునే ప్రచురణకర్త ఈ గొడవంతా పడలేడు.

మన అనకాపల్లి ఊళ్లోనే చూద్దాం. గవరపాలెంలోనో మెయిన్ రోడ్డులోనో డీటీపీ షాపుల్లో నూకాలమ్మ జాతర కరపత్రమైనా, పెళ్లి శుభలేఖైనా ఎక్కువగా పేజ్‌మేకర్‌లో యూనికోడ్ కాని అను ఫాంట్లతోనే కంపోజ్ అవుతుంది. ఆ మేటరును కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే తెలుగు పోయి ఇంగ్లిష్ ముక్కలు, గుర్తులు మిగులుతాయి. ఓపెన్ ఫాంట్లు వచ్చి పదేళ్లు దాటినా ఆపరేటర్ వాటివైపు రాలేదంటే అతని మొండితనాన్ని తప్పుపట్టి లాభం లేదు. 'రాష్ట్రం' అని కొట్టినప్పుడు వత్తులు దిగజారి కింది వరుసలోని తలకట్లను తాకాయనుకోండి. గంటలో కార్డు అచ్చుకు వెళ్లాలి. లోపాన్ని ఎవరికి చెప్పాలో తెలియదు. చెప్పే చోటున్నా అదంతా ఇంగ్లిష్‌లో ఉంటుంది. ఖాతా తెరవాలి, వెర్షన్ నంబరు రాయాలి, స్క్రీన్‌షాట్ జతచేయాలి. ఇంత చేశాక జవాబు వస్తుందన్న నమ్మకం లేదు. పొద్దస్తమానం తెలుగు అక్షరాలు చూసే ఆ కన్ను పట్టే తప్పులు ఏ కంపెనీ ప్రయోగశాలా పట్టలేదు. అలాంటివాణ్ని గుమ్మం బయటే నిలబెట్టి, సమాజం స్పందించడం లేదని వాపోవడంలో అర్థం లేదు.

కార్పొరేట్ కానుకలతో మరో ఇబ్బంది ఉంది. కంపెనీల ప్రాధాన్యాలు మారుతుంటాయి. భారతీయ భాషలకు రెడ్‌హ్యాట్ ఇచ్చిన 'లోహిత్' ఫాంట్లు లినక్స్‌లో తెలుగు చదివినవారందరికీ పరిచితమే. 2011లో వాటిని ఓపెన్ ఫాంట్ లైసెన్సులోకి మార్చారు. 2019లో రెడ్‌హ్యాట్ ఐబీఎం చేతికి వెళ్లింది. 2022లో వచ్చిన ఫెడోరా 36 అనే లినక్స్ వెర్షన్‌లో భారతీయ భాషలకు లోహిత్ స్థానంలో గూగుల్ వారి నోటో ఫాంట్లు కూర్చున్నాయి. స్కాన్ చేసిన పుటల్లోని తెలుగును గుర్తుపట్టే టెసెరాక్ట్‌ది ఇంకా పెద్ద ప్రయాణం. హ్యూలెట్ ప్యాకార్డ్ 1985లో మొదలుపెట్టి పదేళ్ల తర్వాత అటకెక్కించింది. 2005లో ఓపెన్ సోర్స్ చేసింది. మరుసటి ఏడాది నుంచి గూగుల్ భుజాన వేసుకుంది. ఇప్పుడు దాన్ని మోస్తున్నది ప్రధానంగా స్వచ్ఛంద కార్యకర్తలు. కంపెనీలు వస్తాయి, పోతాయి. నిలబడి ఉండాల్సింది వాడుకరుల బృందమే.

ఆ బృందం ఎందుకు నిలుస్తుందో, ఎందుకు చెదురుతుందో ప్రపంచ అనుభవం చెబుతోంది. ఐబీఎం 2001లో ప్రోగ్రామర్ల ఉపకరణమైన ఎక్లిప్స్‌ను ఓపెన్ సోర్స్ చేసినా, పగ్గాలు దాని చేతిలోనే ఉన్నాయన్న శంక ఇతర కంపెనీలకు పోలేదు. 2004లో స్వతంత్ర ఫౌండేషన్ పెట్టి పక్కకు జరిగాకే ఆ శంక తీరింది. ఓపెన్ ఆఫీస్ కథ దీనికి తలకిందులు. ఆ ఆఫీసు సాఫ్ట్‌వేర్‌ను నడిపిన సన్ కంపెనీని కొన్న ఒరాకిల్ తీరు నచ్చక 2010లో ముఖ్యమైన కార్యకర్తలు లిబ్రే ఆఫీస్ పేరుతో వేరు కుంపటి పెట్టుకున్నారు. 2011లో ఒరాకిల్ దాన్ని అపాచీ ఫౌండేషన్‌కు అప్పగించేసరికి మనుషులు వెళ్లిపోయారు, కోడ్ మిగిలింది. 2023 ఆగస్టులో హాషికార్ప్ కంపెనీ సర్వర్ల ఏర్పాటుకు వాడే తన టెర్రాఫామ్ సాఫ్ట్‌వేర్ లైసెన్సును ఏకపక్షంగా బిగించేసరికి, వారాల్లోనే దాని వాడుకరులు ఓపెన్‌టోఫు పేరుతో విడిపోయారు. నిర్ణయాల్లో చోటులేని చోట ఎవరూ ఎక్కువకాలం ఊరికే చాకిరీ చేయరు.

అనకాపల్లి రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. 1913లో మొదలైన ఇక్కడి వ్యవసాయ పరిశోధన స్థానం 87ఏ298 వంటి ఎన్నో చెరకు రకాలు ఇచ్చింది. రకం విడుదల చేసినంత మాత్రాన అది పొలంలో నిలవలేదు. రైతులు విత్తనపు ముచ్చెలు ఒకరికొకరు ఇచ్చుకున్నారు. ఎర్రకుళ్లు కనిపిస్తే స్థానానికి మోసుకెళ్లి చూపించారు. శాస్త్రవేత్తలు ఆ మాట విని పనితీరు మార్చుకున్నారు. పొలం మాట విన్న చోటే రకం బతికింది.

ఇప్పుడు ఈ ప్రశ్న ఫాంట్లను దాటి కృత్రిమ మేధ దాకా వచ్చింది. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ ఓజోన్‌టెల్ కంపెనీతో కలిసి, వేలమంది ఇంజినీరింగ్ విద్యార్థుల చేత పాత తెలుగు కథల పుటలను డిజిటల్ రూపంలోకి తెప్పించి, 2024 మొదట్లో 'చందమామ కథలు' పేరిట చిన్న భాషా నమూనాను విడుదల చేసింది. మంచి ప్రయత్నం. దారి కూడా సరైనదే. కేంద్ర ప్రభుత్వ భాషిణి కార్యక్రమమూ ప్రజల నుంచి గొంతులు, వాక్యాలు సేకరిస్తోంది. ఉత్తరాంధ్ర యాస ఈ నమూనాలకు అందాలంటే చోడవరం, మాడుగుల పల్లెల గొంతులు కావాలి. గొంతు ఇచ్చేవారికి, పుటలు సరిచూసే పిల్లలకు మూడు మాటలు ముందే రాసివ్వాలి: వారి పేరు ఎక్కడ ఉంటుంది, డేటా ఏ లైసెన్సులో ఉంటుంది, రేపు దాన్ని మూసేసే హక్కు ఎవరికైనా ఉందా?

షరతులు పెడితే దాతలు వెనకాడతారని కొందరంటారు. లైసెన్సు ఎలాగూ ఉంది కదా, నచ్చకపోతే వేరు కుంపటి పెట్టుకోవచ్చు కదా అని మరికొందరంటారు. కాగితం మీద ఆ హక్కు నిజమే. కానీ దాత తన ఫాంటు పేరును ప్రత్యేకించి ఉంచుకుంటే, మార్చిన ఫాంటుకు ఆ పేరు వాడరాదని అదే ఓపెన్ ఫాంట్ లైసెన్సు చెబుతుంది. జనానికి తెలిసిన పేరు ఒకచోట, సవరణలు మరోచోట ఉండిపోతే లాభం ఎవరికి? ఇక తలుపులు మూసిన సాఫ్ట్‌వేరే మేలన్న వాదన 2018 ఫిబ్రవరిలోనే తేలిపోయింది. 'జ్ఞ' గుణింతంలోని ఒక అక్షర కూర్పు తెర మీదకు రాగానే ఐఫోన్ యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ సవరణ పంపేదాకా తెలుగువాళ్లు చేయగలిగింది ఏమీ లేకపోయింది. అందుకే ఓపెన్ సోర్స్ కావాలి. అయితే తలుపు తీసి ఉంచితే సరిపోదు, లోపల కుర్చీ కూడా వేయాలి.

కనుక ఈ పత్రిక కోరేవి స్పష్టం. తెలుగుకు ఫాంటో, నమూనానో, ఉపకరణమో ఇచ్చే ప్రతి కంపెనీ, ప్రతి సంస్థ తుది ఫైలుతోపాటు దాన్ని గీసిన మూల ఫైళ్లనూ ఇవ్వాలి. సవరణలు ఆమోదించే అధికారం ఉన్నవారిలో కనీసం సగంమంది బయటి కార్యకర్తలు ఉండాలి. లైసెన్సును ఏకపక్షంగా బిగించబోమని రాసివ్వాలి. లోపాలు తెలుగులో చెప్పుకొనే వీలుండాలి, జవాబు తెలుగులో రావాలి. రాష్ట్ర ప్రభుత్వం తన ఉత్తర్వులు, కరపత్రాలు, పాఠ్యపుస్తకాలు యూనికోడ్ ఓపెన్ ఫాంట్లలోనే వేయాలి. ఈ ఫాంట్ల ఆలనాపాలనకు ఒక విశ్వవిద్యాలయంలో జీతమిచ్చి ఇద్దరు ముగ్గురిని నియమించాలి. ఆవిష్కరణ సభలకయ్యే ఖర్చుతో పోలిస్తే అది చిల్లరే. అనకాపల్లి జిల్లాలోని ఇంజినీరింగ్ కళాశాలలు ఇలాంటి పనిని విద్యార్థుల ప్రాజెక్టుగా గుర్తించి మార్కులివ్వాలి.

మనవైపు నుంచీ ఒక మెట్టు ఎక్కాలి. ఉచితంగా వచ్చిందని వాడుకుని, చెడితే తిట్టి వదిలేసే అలవాటు మానాలి. డీటీపీ ఆపరేటర్లు, తెలుగు ఉపాధ్యాయులు, ప్రచురణకర్తలు తప్పు కనిపించిన చోట రాసి పంపాలి. రాసినవారికి జవాబిచ్చే బాధ్యత మాత్రం ఇచ్చినవారిదే. ఆ బాధ్యత మోయలేని దాత, మోయగలవారికి ప్రాజెక్టును గడువు చెప్పి అప్పగించాలి. పేరు తన దగ్గర, చాకిరీ జనం దగ్గర అనే ఏర్పాటును తెలుగు సమాజం ఇకపై ఒప్పుకోరాదు.