కాలువ ఉంది, తెలిసినవాళ్లేరీ?



పొగలేని సరుకు రవాణా అని ఇప్పుడు అందరూ అంటున్నారు. మన మద్రాసుకు బకింగ్‌హామ్ కాలువ ఆ పని ఎప్పుడో చేసింది. పెదగంజాం నుంచి మద్రాసు మీదుగా మరక్కాణం దాకా 420 కిలోమీటర్లు. కట్టెలు, ఉప్పు, ధాన్యం పడవల్లో వచ్చేవి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడ, లేదా గట్టు మీంచి తాడు. డీజిల్ చుక్క అక్కర్లేదు. (తాడు లాగినవాళ్ల భుజాల సంగతి తలచుకుంటే మాత్రం గొప్పగా చెప్పుకోబుద్ధి కాదు.)

2008లో దీన్ని నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. ఇక్కడ ఊళ్లో చూస్తే కాలువలోనే రైలు స్తంభాలు! సరే, పూడిక తీయడానికి యంత్రాలు దొరుకుతాయి. ఏ లాకు దగ్గర పోటు కోసం ఎంతసేపు ఆగాలి, ఇసుక ఏ నెలలో ఎక్కడ మేట వేస్తుంది, ఎంత బరువెక్కిస్తే పడవ నేల తగులుతుంది, ఇవన్నీ ఏ టెండరు కాగితంలో దొరుకుతాయి? పడవ నడిపినవాళ్లను అడగాలి.

అందుకే ఈసారి పెద్దలకు శాలువా కప్పి పంపేయడం నాకిష్టం లేదు. నెల్లూరు వైపు నుంచి పడవల మీద వచ్చిన కుటుంబాలవాళ్లను కూర్చోబెట్టి, చెప్పిందంతా ఫోన్లో రికార్డు చేద్దాం. ఎనభై దాటినవాళ్లు మా వీధిలోనే ఇద్దరున్నారు. ఆదివారం నేను వెళ్తున్నాను. ఎవరొస్తారు?